మెదడు మీద పాత పుస్తకాలు: రాసినాయన బల్ల మీద ఏముండిందో ముందు చూడండి

డీఎస్సీకి ప్రిపేర్ అయినోళ్లను ఎవర్నైనా అర్ధరాత్రి లేపి మొట్టమొదటి సైకాలజీ ల్యాబ్ ఎవరు పెట్టినారని అడగండి, కళ్లు నులుముకుంటానే ఊంట్, 1879, లైప్జిగ్ అని చెప్పేసి మళ్లీ ముసుగు తన్నేస్తారు. విస్మృతి వక్రరేఖ, అంటే ఎంత టైంకు ఎంత మర్చిపోతామో చూపించే గ్రాఫ్, ఎవరిది అంటే ఎబ్బింగ్‌హాస్. అంతర్దృష్టి అభ్యసనం అంటే కోహ్లర్, సుల్తాన్ అనే చింపాంజీ. కర్నూలు, అనంతపురం, కడప యాడికి పోయినా జిరాక్స్ షాపుల్లో స్పైరల్ బైండింగ్ కొట్టించిన మెటీరియల్ నిండా ఇవే పేర్లు, ఇవే సంవత్సరాలు. మార్కుల కోసం అయితే అది చాలు, తప్పేం లేదు. కానీ ఆ పేర్లలో ఒక్కొక్కరి ఎనకాల ఒక్కో పుస్తకం ఉంది, ఆ పుస్తకంలో అసలేం రాసినారో మటుకు ఎవరూ అడగరు, అడిగినా చెప్పేవాళ్లు తక్కువ.

ఇంకో చిక్కు ఏందంటే, ఈ చరిత్ర మొత్తాన్ని మనకు ఒక తిన్నని రోడ్డు మాదిరి చెప్తారు. మొదట్లో జనానికి ఏం తెలీదు, మనసు గుండెలో ఉందనుకున్నారు, తర్వాత సైంటిస్టులు వచ్చి కాదు మెదడులో ఉందని కనుక్కున్నారు, ఆమీదట అంతా తెలిసిపోయింది అని. పుస్తకాలను తారీఖుల వరసలో పెట్టి చూస్తే ఈ కథ నిలబడదు. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీద వచ్చిన గ్రంథాల్లో ఫిట్స్ గురించి ఒకటుంది, దాదాపు క్రీ.పూ. 400 నాటిది, అందులో స్పష్టంగా రాసినారు, ఇది దేవుడి శాపం కాదు, మిగతా రోగాల మాదిరే ఇదీ ఒక రోగం, సంతోషమైనా ఏడుపైనా పిచ్చైనా వచ్చేది మెదడు నుంచేనని. ఆ తర్వాత వచ్చిన అరిస్టాటిల్, అంత పెద్ద బుర్ర, కాదు గుండేనే అన్నాడు, మెదడు పని రక్తాన్ని చల్లబరచడం అన్నాడు. అంటే ముందొచ్చినోడు కరెక్టు, తర్వాతొచ్చినోడు తప్పు. తిన్నని రోడ్డైతే ఇట్లా ఎందుకయితాది?

నాకు అర్థమైన కాడికి, ఈ పుస్తకాలను విప్పుకోడానికి ఒక్క ప్రశ్న చాలు. రాసేటప్పుడు ఆయన బల్ల మీద ఏముండింది? అరిస్టాటిల్‌నే తీసుకోండి. ఆయన బల్ల మీద కోడిగుడ్లు ఉండినాయి. పొదగబెట్టిన గుడ్లను రోజుకొకటి పగలగొట్టి పిల్ల ఎట్లా తయారయితాదో చూసినాడు, అన్నిటికంటే ముందు కదిలింది ఎర్రగా చుక్కంత ఉండే గుండె. మెదడునేమో ముట్టుకుంటే జంతువుకు నొప్పే తెలీదు. ఇవి రెండూ నిజాలే, ఇప్పటికీ నిజాలే, మెదడు ఆపరేషన్ చేసేటప్పుడు మనిషి మెలకువగా ఉండి మాట్లాడగలిగేది అందుకే. చూసింది కరెక్టు, దాన్నుంచి తేల్చింది తప్పు. ఈ రెండింటినీ విడదీసి చూడకపోతే పాత పుస్తకం ఏదైనా మనకు ఒక జోక్ మాదిరి కనపడతాది, లేదంటే మన పూర్వీకులకు అన్నీ తెలుసు అనే టైపులో గుడ్డి పొగడ్త అయితాది.

ఇంకా ఎనక్కి పోతే ఈజిప్టు. 1862లో లక్సర్‌లో ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ ఒక పాపిరస్ చుట్ట కొన్నాడు, అది దాదాపు క్రీ.పూ. 1600 నాటి నకలు, అసలు రచన ఇంకా పాతదంటారు. బ్రెస్టెడ్ అనే పండితుడు దాన్ని చదివి 1930లో అచ్చేసినాక గానీ లోపల ఏముందో లోకానికి తెలీలేదు. 48 కేసులు, అన్నీ దెబ్బలే, తల నుంచి మొదలుపెట్టి కిందికి. ప్రతి కేసులో దెబ్బ ఎట్లుంది, తాకి చూస్తే ఏం తెలుస్తాది, చివర్న మూడింట్లో ఒక తీర్పు, ఇది నేను నయం చేస్తా, దీంతో నేను పోరాడతా, ఇది చేయగలిగింది కాదు అని. నాకు తెలిసి ఇంత నిజాయితీ కేస్‌షీట్ ఇప్పుడు కూడా అరుదు. మెదడుకు ఒక పేరు పెట్టి రాసిన మొదటి రాత ఇదే, కణత దగ్గర ఎముక విరిగినోడికి మాట పడిపోయిందని కూడా రాసినారు. అదే ఈజిప్టులో శవాన్ని మమ్మీ చేసేటప్పుడు మెదడును ముక్కులోంచి లాగి పారేసి గుండెను మటుకు జాగ్రత్తగా లోపలే పెట్టేవాళ్లు. పుర్రె పగిలినోణ్ణి చూసే వైద్యుడికి ఒకటి కనపడింది, శవాన్ని పంపించే పూజారికి ఇంకోటి కావాల్సి వచ్చింది. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉండినా ఉండొచ్చు.

మన దగ్గర ఏమనుకున్నారని అడుగుతారు కదా. చరకుడూ సుశ్రుతుడూ చైతన్యానికి చోటు హృదయం అన్నారు. కానీ ఆయుర్వేదంలోనే భేల సంహిత అని ఇంకోటుంది, భేలుడు చరక సంహితకు మూలమైన అగ్నివేశుడితో పాటు చదువుకున్నాడని సంప్రదాయం. ఆ భేలుడు ఉన్మాదం గురించి చెప్పేకాడ, మనసు ఉండేది తలకూ అంగిటికీ మధ్యన, అక్కడుండి ఇంద్రియాల సంగతులన్నీ తెలుసుకుంటాది, చిత్తం మటుకు హృదయంలో ఉంటాది అని పంచి పెట్టినాడు. ఇందులో మనం గర్వంగా చెప్పుకోవాల్సిన విషయం ఇంకోటుంది, చాలామందికి తెలీదు. ఈ పుస్తకం దాదాపు మొత్తంగా దొరికింది ఒకే ఒక్క రాతప్రతిలో, అది తంజావూరు సరస్వతీ మహల్‌లో ఉంది, భాష సంస్కృతం కానీ లిపి మన తెలుగు లిపి. 17వ శతాబ్దంలో తంజావూరును ఏలింది తెలుగు నాయక రాజులు కదా, అప్పటి రాత. అది కూడా అక్కడక్కడా చెదిరిపోయినదే, దాన్ని పట్టుకుని 1921లో కలకత్తా యూనివర్సిటీ వాళ్లు అచ్చేసినారు. ఎవరో పేరు తెలీని మన రాయసగాడు ఆ నకలు ఎత్తకపోయుంటే భేలుడి మాట ఈ రోజుకు మిగిలేది కాదు.

అట్లని చెప్పి మనోళ్లకు న్యూరోసైన్స్ అప్పుడే తెలుసు అని స్టేటస్ పెట్టేయొద్దండీ. భేలుడు మెదడును బయటికి తీసి బల్ల మీద పెట్టి చూసి రాసిన దాఖలా ఆ మాటల్లో లేదు. పిచ్చి పట్టిన మనిషిని చూసినాడు, వాడి మాట, చూపు, తిండి, నిద్ర ఎట్లా మారినాయో చూసినాడు, దాన్నుంచి ఊహించినాడు. ఊహ బాగుంది. అంతవరకే.

ఇప్పుడు గాలెన్ దగ్గరికి వస్తాం, ఈయన దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈయన చేసిన మంచీ చెడ్డా రెండూ పదమూడు వందల ఏళ్లు నడిచినాయి. రెండో శతాబ్దం మనిషి, పెర్గమంలో గ్లాడియేటర్లకు డాక్టరు, తర్వాత రోమ్‌లో చక్రవర్తుల డాక్టరు. జనం ముందర పందిని కట్టేసి, అది గొంతు చించుకుని అరుస్తాంటే మెదడు నుంచి గొంతుకు వచ్చే రెండు సన్నటి నరాలను మెడలో కట్టేసేవాడు, టక్కున అరుపు ఆగిపోయేది, పంది కొట్టుకుంటానే ఉంటాది కానీ శబ్దం రాదు. గొంతు గుండెకు దగ్గర్లో ఉంది కాబట్టి మాట గుండె నుంచే వస్తాది అనేవాళ్ల నోరు కూడా దాంతోటే మూసుకుంది. ఇది అసలైన ప్రయోగం. కానీ రోమ్‌లో మనిషి శవాన్ని కోయడానికి లేదు, అందుకని గాలెన్ బల్ల మీదికి వచ్చినవి కోతులు, పందులు, ఎద్దులు. పొట్టేలూ ఎద్దూ లాంటి వాటికి మెదడు అడుగున సన్నటి రక్తనాళాల వల ఒకటి ఉంటాది. మా వైపు తలకాయ కూరకని మటన్ షాపులో పొట్టేలు తల కొట్టించుకుంటాం చూడండి, ఆ తలలో ఆ వల ఉంటాది. మనిషి తలలో ఉండదు. గాలెన్ దాన్ని జంతువుల్లో చూసి మనిషికీ ఉంటాదనుకుని, ప్రాణశక్తి ఆ వలలోనే వడకట్టబడి మనసుకు పనికొచ్చే శక్తి అయితాదని ఏకంగా ఒక సిద్ధాంతమే కట్టేసినాడు.

ఆ తర్వాత ఆ పుస్తకాలను గ్రీకు నుంచి సిరియాక్, అరబిక్, అక్కడి నుంచి లాటిన్ అని తిప్పి తిప్పి చదివినారే గానీ, చాన్నాళ్లు తలను తెరిచి సరిచూసినోళ్లు లేరు. మధ్యలో ఇంకోటి కలిసింది, మెదడు లోపలుండే ఖాళీ గదుల్లో ముందు గదిలో ఊహ, మధ్య గదిలో బుద్ధి, ఎనక గదిలో జ్ఞాపకం అని. నాలుగో శతాబ్దంలో నెమీసియస్ అనే బిషప్పు రాసిన దాంట్లో ఇది ఉంది, వెయ్యేళ్లకు పైగా బొమ్మలు వేసుకుంటా పోయినారు, తల బొమ్మ, దాంట్లో మూడు గుండ్రాలు. చూడ్డానికి ఎంత శుభ్రంగా ఉంటాదో చెప్పలేను. శుభ్రంగా ఉండే బొమ్మ అంత తొందరగా చావదు.

1543లో వెసాలియస్ అనే డాక్టరు అచ్చేసిన శరీర నిర్మాణ గ్రంథం వచ్చింది, ఆయన వయసు అప్పటికి ఇరవై ఎనిమిది. పాడువాలో మనిషి శవాలు ఆయన బల్ల మీదికే వచ్చేవి, కోసేది కూడా మంగలికో నౌకరుకో అప్పజెప్పకుండా తన చేత్తోనే. ఏడో భాగం మొత్తం మెదడు, పొరలు పొరలుగా కోసుకుంటా పోయిన బొమ్మలు, ఇప్పుడు చూసినా కళ్లు తిప్పుకోలేం. అందులో ఒకచోట ఆయన రాసుకున్న మాట నాకు ఈ మొత్తం చరిత్రలో చాలా ఇష్టమైనది. ఒకప్పుడు తను కూడా గాలెన్ మీద భక్తితో, మనిషి తల కోసి చూపించే ప్రతిసారీ పక్కనే గొర్రెపిల్లదో ఎద్దుదో తల ఒకటి రెడీగా పెట్టుకునేవాడంట. మనిషి తలలో ఆ వల కనపడదు కదా, స్టూడెంట్లు యాడుంది సార్ అని అడిగితే జంతువు తలలో చూపించడానికి! బల్ల మీద రెండు తలలు. కళ్లకు కనపడేది ఒకటి, పుస్తకంలో ఉండేది ఇంకోటి, రెండూ కలవకపోతే పుస్తకాన్ని కాపాడుకోడానికి పక్కన ఒక పొట్టేలు తల. ఇట్లాంటి పొట్టేలు తలలు మన కాలేజీల్లో కూడా చూసినాం లేండి, అది వేరే సంగతి.

ఆమీదట 1664లో ఆక్స్‌ఫర్డ్ డాక్టరు థామస్ విల్లిస్ పుస్తకం. అప్పటిదాకా ఎక్కువమంది పుర్రె పైభాగం తీసి మెదడును తలలోనే ఉంచి పైనుంచి పొరలుగా కోసేవాళ్లు, దాంతో అడుగు భాగం నలిగిపోయేది. విల్లిస్ మెదడును మొత్తంగా బయటికి తీసి తిరగేసి చూసినాడు, రక్తనాళాల్లోకి రంగు ఎక్కించి యాడికి పోతాదో చూసినాడు. మెదడు అడుగున రక్తనాళాలు ఒక వలయం మాదిరి కలుస్తాయి, మెడికల్ స్టూడెంట్లు ఇప్పటికీ విల్లిస్ వలయం అని బట్టీ కొడతారు కదా, అది ఈ పుస్తకంలోదే. బొమ్మలు వేసింది క్రిస్టఫర్ రెన్, తర్వాత లండన్‌లో సెయింట్ పాల్స్ చర్చి కట్టిన ఆర్కిటెక్టు. ఇదే విల్లిస్ 1650లో ఉరితీసిన ఆన్ గ్రీన్ అనే ఆమె శవాన్ని కోతకు తెస్తే గొంతులో చప్పుడు విని, ఇంకో డాక్టరుతో కలిసి ఆమెను బతికించినాడు కూడా. అంతకు కొంచెం ముందు ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్, మెదడులో అన్నీ జతలుగా ఉన్నాయి, పీనియల్ గ్రంథి మటుకు ఒంటిగా ఉంది, మన ఆలోచన కూడా ఒకటే కదా, కాబట్టి ఆత్మ అక్కడే ఉండి శరీరాన్ని నడుపుతాది అన్నాడు. డెకార్ట్ కసాయి అంగళ్ల నుంచి తెప్పించుకుని జంతువులను కోసినాడు, చూడలేదని అనలేం. కానీ ఆయనకు లెక్క ముందు వచ్చింది, మెదడు తర్వాత వచ్చింది. 1665లో స్టెనో అనే డెన్మార్క్ శరీర నిర్మాణ పండితుడు పారిస్‌లో ఒక ప్రసంగం చేసి ఆ గ్రంథి డెకార్ట్ చెప్పినట్టు అటూ ఇటూ ఊగేది కాదని మర్యాదగానే కడిగేసినాడు.

ఇక గాల్. వియన్నాలో ప్రాక్టీస్ పెట్టిన ఈ డాక్టరు బల్ల నిండా పుర్రెలే, దొంగలవి, కవులవి, పిచ్చాసుపత్రి వాళ్లవి. తల మీద గడ్డల్ని తడిమి గుణాలు చెప్పే ఫ్రీనాలజీకి మూలపురుషుడు, 27 గుణాలకు 27 చోట్లు చూపించినాడు. ఇదంతా మొదలైంది స్కూల్లో, కళ్లు ఉబ్బెత్తుగా ఉండే పిల్లోళ్లకు బట్టీ బాగా వస్తాదని గమనించినాడంట, అంతే, దాని మీద ఒక జీవితం కట్టేసినాడు. కలిసొచ్చిన ఉదాహరణలు లెక్కలోకి, కలిసిరానివి వేరే గుణం అడ్డుపడిందనే సాకులోకి. ఈ పిచ్చి మన దేశం దాకా వచ్చింది, 1830ల్లో ఉరితీసిన థగ్గుల (బాటసారులను చంపి దోచుకునే ముఠాలోళ్లు) పుర్రెలు ఏడింటిని మన దేశం నుంచి ఎడిన్‌బరో ఫ్రీనాలజీ సొసైటీకి పంపించినారు, నేరం తల ఆకారంలో ఉందో లేదో చూడ్డానికి. అంతకు కొంచెం ముందు, 1820ల్లో, మా కడపలో సి.పి. బ్రౌన్ వేమన పద్యాల రాతప్రతులను ఊరూరి నుంచి తెప్పించుకుని, పండితుల్ని కూర్చోబెట్టి ప్రతికి ప్రతి పోల్చి యాడ తేడా ఉందో గుర్తు పెట్టిస్తాండినాడు. గాల్‌కు ఆ బ్రౌన్ అలవాటు కొంచెం ఉండుంటే ఎంత బాగుండునో అనిపిస్తాది నాకు, తేడా వచ్చిన ప్రతిని పారేయకుండా పక్కన పెట్టి చూసే అలవాటు.

కానీ గాల్‌ను పూర్తిగా చెత్తబుట్టలో వేయడానికీ లేదు, ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. మెదడు పైపొరలో ఒక్కో పనికి ఒక్కో చోటు ఉంటాది అనే ఆలోచనను అంత గట్టిగా పట్టుకున్నది ఆయనే. పుర్రె మీద గడ్డలు తప్పు, చోట్లు ఉన్నాయన్నది తప్పు కాదు. 1861లో పారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గరికి ఒక రోగి వచ్చినాడు, ఏమడిగినా టాన్, టాన్ అనే ఒక్క శబ్దమే, అర్థం మటుకు చేసుకునేవాడు. కొద్దిరోజులకే చచ్చిపోతే బ్రోకా మెదడు తీసి చూస్తే ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బతిని ఉంది. ఆ మెదడు ఇప్పటికీ పారిస్‌లో భద్రంగా ఉంది. ఒకే రోగి, కానీ లక్షణం ముందే రాసి పెట్టుకుని, తర్వాత తెరిచి చూసినాడు. గాల్ తల మీద తడిమినాడు, బ్రోకా తల లోపల చూసినాడు. తేడా అంతా అక్కడుంది.

ఒకే రోగి అంటే ఫినియస్ గేజ్ కథ చెప్పకుండా పోలేం. మా జిల్లాల్లో క్వారీ పని తెలిసినోళ్లకు దీన్ని విడమర్చి చెప్పాల్సిన పన్లేదు, బండలో రంధ్రం కొట్టడం, మందు కూరడం, పైన ఇసక పోసి కడ్డీతో గట్టించడం. 1848 సెప్టెంబర్ 13న అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలో రైల్వే లైన్ కోసం బండలు పేలుస్తా, ఇసక పడకముందే కడ్డీ తగిలి నిప్పురవ్వ లేచింది. మూడడుగుల ఏడంగుళాల పొడవు, అంగుళంపావు మందం, పదమూడు పౌన్లకు పైన బరువుండే ఇనప కడ్డీ ఎడమ చెంప కింద దూరి నడినెత్తి మీద బయటికి వచ్చి దూరంగా పడింది. ఇరవై ఐదేళ్ల మనిషి, కొద్ది నిమిషాలకే మాట్లాడినాడు, ఎద్దులబండిలో కూచునే ఊళ్లోకి వచ్చినాడు. వైద్యం చేసిన డాక్టర్ హార్లో అదే ఏడాది ఒక చిన్న రిపోర్టు రాసినాడు, 1868లో ఇంకోటి. రెండోదాంట్లోనే ఉంది ఆ ప్రసిద్ధమైన మాట, స్నేహితులు వాణ్ణి చూసి వీడు మన గేజ్ కాదు అన్నారని.

ఇప్పుడు మీరు ఏ టెక్స్ట్‌బుక్ తెరిచినా గేజ్ తాగుబోతు అయినాడు, ఎందుకూ పనికిరాకుండా పోయినాడు, సర్కస్ మనిషి మాదిరి తిరిగినాడు అని ఉంటాది. హార్లో రిపోర్టుల్లో అంత లేదప్పా. స్వభావం మారింది, బూతులు తిట్టేవాడు, ఒక ప్లాన్ మీద నిలబడేవాడు కాదు అని ఉంది, నిజమే. కొన్నాళ్లు కడ్డీ పట్టుకుని జనానికి కనపడినాడు, అదీ నిజమే. కానీ తర్వాత చిలీ పోయి ఏళ్ల తరబడి గుర్రపు బండి తోలినాడు, ఆరు గుర్రాల బగ్గీని గుంతల రోడ్ల మీద ప్యాసింజర్లతో సహా నడపడం చేతకానోడి పనా? 1860లో చచ్చిపోయినాడు. అంటే మొదట్లో పాడైన మనిషి మెల్లమెల్లగా చాలావరకు కుదురుకున్నాడని అర్థం. మెదడు దెబ్బతిన్న మనిషి ఇంట్లో ఉన్నోళ్లకు ఈ రెండో కథ ఎంత ముఖ్యమో ఆలోచించండి, టెక్స్ట్‌బుక్కులు మటుకు మొదటి కథతోనే ఆపేస్తాయి, ఎందుకంటే అది నాటకీయంగా ఉంటాది.

డీఎస్సీ వాళ్లకు బాగా పనికొచ్చేది ఎబ్బింగ్‌హాస్. 1885 పుస్తకం, సన్నది. ఈయన బల్ల మీద ఉండింది తనే. ఇంకెవరూ లేరు. దాదాపు 2300 అర్థం లేని అక్షరాల ముక్కలు తయారుచేసుకుని, పదమూడేసి ముక్కల వరసలు, నిమిషానికి 150 చొప్పున గడియారం టిక్‌టిక్‌కు కలుపుతా చదివి కంఠతా పట్టడం, కొంత గ్యాప్ ఇచ్చి మళ్లీ పట్టడం. ఏళ్లకేళ్లు ఇదే పని. ఇంత విసుగు పుట్టించే పనిని ఒక మనిషి తన మీద తనే చేసుకోవడం, అది మామూలు ఓపిక కాదు. వచ్చిన లెక్కలు మీకు తెలిసినవే, మిగిలేది ఇరవై నిమిషాలకు 58 శాతం, గంటకు 44, ఒక రోజుకు 33 చిల్లర, 31 రోజులకు 21.

క్లాసుల్లో దీన్ని ఎట్లా చెప్తారు? ఒక రోజులో 66 శాతం మర్చిపోతాం అని. కాదు. ఆయన కొలిచింది ఎన్ని గుర్తున్నాయి అని కాదు, మళ్లీ కంఠతా పట్టడానికి టైం ఎంత మిగిలింది అని. ఒక వరస మొదటిసారి రావడానికి 1000 సెకన్లు పట్టిందనుకోండి, రోజు తర్వాత అదే మళ్లీ రావడానికి సుమారు 660 సెకన్లే పడితే, మిగిలింది 34 శాతం. ఒక్కటి కూడా పైకి గుర్తు రాకపోయినా ఈ మిగులు ఉండొచ్చు, అంటే పోయిందనుకున్నది లోపల యాడో ఇంకా ఉందని, ఆ పుస్తకంలో అసలు గొప్ప సంగతి అదీ. మరిచిపోవడం గురించి కాదు, మరిచిపోయినాక కూడా మిగిలేదాని గురించి రాసిన పుస్తకం అది. ఇంకోటి, అవన్నీ అర్థం లేని ముక్కలు. అదే మనిషి బైరన్ పద్యాలు కంఠతా పడితే పదో వంతు శ్రమతోనే వచ్చినాయని ఆయనే రాసినాడు. వేమన పద్యం రెండోసారి వింటేనే నోటికి వచ్చేస్తాది కదా, అర్థం ఉంది, యతి ఉంది, చివర్న ఆ మకుటం ఉంది. అట్లాంటిది మీ సిలబస్ మొత్తం రేపటికి 66 శాతం ఎగిరిపోతాదని ఆ గ్రాఫ్ చూపించి భయపెట్టడం ఎబ్బింగ్‌హాస్‌కు కూడా అన్యాయమే. ఒక్క మనిషి మీద చేసిన ప్రయోగం నమ్మొచ్చా అని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్న. 2015లో డచ్ పరిశోధకులు ఇదే పద్ధతిలో మళ్లీ చేసి చూస్తే దాదాపు అదే వంపు వచ్చింది.

అమెరికన్ సైకాలజిస్టు విలియం జేమ్స్ 1890లో సైకాలజీ మీద రెండు సంపుటాలు తెచ్చినాడు, 1878లో పబ్లిషర్‌కు రెండేళ్లలో ఇస్తానని మాటిచ్చి పన్నెండేళ్లకు ఇచ్చినాడు, ఇచ్చేటప్పుడు కూడా ఇది ఉబ్బిపోయిన ముద్ద, సైకాలజీ అనే సైన్సే లేదని, నేను చేతకానోణ్ణని రుజువు చేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు అని ఉత్తరం రాసినాడు. ల్యాబ్ పని అంటే ఆయనకు పడదు. బల్ల మీద మిగతావాళ్ల పుస్తకాలు, కుర్చీలో తను. అయినా చదవడానికి వీళ్లందర్లో బెస్ట్ ఆయనే.

ఇంతవరకూ నేను చెప్పిన బల్ల లెక్క ఒకచోట తేలిపోతాది, అది దాచిపెట్టడం బాగుండదు. 1873లో ఇటలీలో గొల్జీ అనే డాక్టరు, ఒక ఆసుపత్రి వంటగదిని ల్యాబ్ చేసుకుని, పొటాషియం డైక్రోమేట్, సిల్వర్ నైట్రేట్ వాడి ఒక రంగు పద్ధతి కనిపెట్టినాడు. మెదడు ముక్కలో వేల కణాలుంటే వాటిల్లో కొన్నిటికే నల్లరంగు పడతాది, ఆ కొన్ని మటుకు కొమ్మా రెమ్మా సహా మొత్తం కనపడతాయి. అన్నిటికీ రంగు పడుంటే ఒక నల్లమచ్చ తప్ప ఏం కనపడేది కాదు. 1887లో స్పెయిన్ డాక్టరు కహాల్ ఆ స్లైడ్లు చూసి పిచ్చెక్కి, 1888 నుంచి అదే పద్ధతిలో పక్షి పిల్లల, పిండాల మెదళ్లు కోసి వరసగా అచ్చేసినాడు. రంగు ఒకటే, మైక్రోస్కోపు ఒకటే. గొల్జీకి అంతా కలిసిపోయిన ఒకే వల కనపడింది. కహాల్‌కు ఒకదాన్నొకటి తాకుతాయే గానీ అతుక్కోని విడివిడి కణాలు కనపడినాయి. 1906లో నోబెల్ ఇద్దరికీ కలిపి ఇస్తే, గొల్జీ ఆ స్టేజి మీదే కహాల్ పక్కనుండంగానే విడి కణాల సిద్ధాంతం తప్పు అని ప్రసంగం చేసినాడు! కణాల మధ్య సందు నిజంగా ఉందని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తేల్చింది 1950ల్లో, అప్పటికి ఇద్దరూ లేరు.

మరి బల్ల మీద ఒకటే ఉన్నా ఇద్దరికి రెండు ఎందుకు కనపడినాయి? నాకు తోచింది, కహాల్ ఎదగని మెదడును ఎంచుకున్నాడు, కొమ్మలు ఇంకా గుబురు కాలేదు, నరాల మీద కొవ్వు పొర పట్టలేదు, కాబట్టి ఒక్కో కొమ్మ చివర యాడ ఆగిందో కనపడింది. గొల్జీ ఎదిగిన మెదడునే ఎక్కువ చూసినాడు, పైగా మెదడు అంతా ఒకటిగా పనిచేస్తాదని ముందే నమ్మినోడు. కాబట్టి బల్ల మీద ఏముందని అడిగితే చాలదు, దాన్ని అక్కడ పెట్టకముందే ఆయన ఏం నమ్మినాడని కూడా అడగాలి. దీంట్లో ఇంకో మెలిక, కొన్ని న్యూరాన్లు నేరుగా కలిసే చోట్లు ఉన్నాయని తర్వాత తేలింది, అంటే గొల్జీ కూడా నూటికి నూరు తప్పేం కాదు.

ఫ్రాయిడ్ గురించి మాట్లాడితే గొడవలయితాయి కాబట్టి కొంచెమే. కలల పుస్తకం 1899 నవంబర్‌లో వచ్చింది, పైన మటుకు 1900 అని వేసినారు, 600 కాపీలు అమ్ముడుపోయేదానికి ఎనిమిదేళ్లు పట్టింది. మొదట ఆయనా నరాలను కోసి చూసినోడే, 1895లో మనసును న్యూరాన్లతోనే వివరిస్తామని ఒక నోట్సు మొదలుపెట్టి, కుదరక పక్కన పడేసినాడు, అది 1950లో గానీ అచ్చు కాలేదు. ఆయన బల్ల మీద ఉండింది తన కలలు, రోగుల మాటలు. వాటిని ఇంకెవరూ తెరిచి సరిచూడ్డానికి లేదు, చిక్కంతా అదే, పుస్తకం గొప్పగా ఉండటం వేరే సంగతి. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే డాక్టరు ఫ్రాయిడ్‌తో ఏళ్లపాటు ఉత్తరాలు నడిపి, 1922లో సైకోఎనాలిసిస్‌కు, అంటే ఫ్రాయిడ్ పద్ధతికి, ఒక సొసైటీ పెట్టి, మా రోగులు మీరు చెప్పినట్టు లేరు సార్ అని మొహమాటం లేకుండా రాసినాడు. బల్ల మారితే థియరీ మారతాదని చెప్పినోడు మన దేశంలోనే ఉన్నాడు, డీఎస్సీ బిట్లలో మటుకు ఆయన పేరు నాకెప్పుడూ తగల్లేదు.

చదవాలనుకునేవాళ్లకు, వీటిల్లో చాలావరకు కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది, ఇంగ్లిష్ అనువాదాలు ఆర్కైవ్ సైట్లలో ఫ్రీగా పీడీఎఫ్ దొరుకుతాయి. తారీఖు వరసలో మొదలుపెట్టొద్దు, గాలెన్ దగ్గరే నిద్రొస్తాది. హార్లో 1868 రిపోర్టు కొన్ని పేజీలే, ఒక సాయంత్రం పని, ముందు అది చదవండి. తర్వాత ఎబ్బింగ్‌హాస్, లెక్కల పట్టికలు దాటేసినా నష్టం లేదు. జేమ్స్‌లో అలవాట్ల మీద ఉండే అధ్యాయం ఒక్కటి చాలు మొదటికి. వెసాలియస్‌ను చదవొద్దు, ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద బొమ్మలు చూడండి. గాల్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వద్దు. ఫ్రాయిడ్‌లో ఏడో అధ్యాయం మటుకు చివరికి పెట్టుకోండి, అది అర్థమైందని చెప్పేవాళ్లను నేను అంతగా నమ్మను.